టురెన్, మార్ల్‌బరో: ఎవరు పెద్ద సేనాని? ఎలా తేల్చాలి?

17, 18 శతాబ్దాల యూరప్ యుద్ధాల గురించి బాగా చదివినవాళ్లు ఉంటే కాస్త సాయం చేయండి. ఫ్రాన్స్ సేనాని టురెన్, ఇంగ్లండ్ సేనాని మార్ల్‌బరో, వీళ్లిద్దరిలో ఎవరిని పైన పెట్టాలో ఎంత ఆలోచించినా తెగడం లేదు.

1704లో మార్ల్‌బరో నెదర్లాండ్స్ వైపు నుంచి డాన్యూబ్ దాకా సైన్యాన్ని నడిపిన తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు ఆగిపోయేవారు. దారి పొడవునా తిండికి, దాణాకు ముందే ఏర్పాట్లు. హైడెల్‌బర్గ్ చేరేసరికి సైనికుల కోసం కొత్త బూట్లు కూడా సిద్ధంగా ఉన్నాయి! ఆ నడక చివర ఫ్రాన్స్, బవేరియా సైన్యాల మీద సాధించిన బ్లెన్‌హైమ్ యుద్ధం గెలుపులో సగం ఈ నడకలోనే ఉందని నా నమ్మకం. అయితే ఆ యుద్ధంలో పక్కనే మిత్రపక్షమైన ఆస్ట్రియా సేనాని ప్రిన్స్ యూజీన్ ఉన్నాడు. ఆయన వాటా ఎంత అనుకోవాలి?

టురెన్ సంగతి వేరు. సైన్యాలు విశ్రాంతి తీసుకునే చలికాలంలో తూర్పు ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల చాటున దక్షిణానికి కదిలి, 1675 జనవరిలో టుర్క్‌హైమ్ దగ్గర గెలిచి, శత్రువును రైన్ నది దాటించాడు. కుర్రతనంలో మార్ల్‌బరో పనిచేసింది కూడా ఈయన కిందే. నా మొగ్గు కొంచెం టురెన్ వైపే. కానీ 1674లో ఆయన సైన్యం జర్మనీలోని పాలటినేట్ ప్రాంతపు ఊళ్లను తగలబెట్టింది. సేనాని గొప్పతనం లెక్కగట్టేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయడం నాకు సబబుగా అనిపించదు. మీరేమంటారు?

ఇంకొకటి. మార్ల్‌బరో ప్రతి పెద్ద అడుగుకూ సైన్యంతో పాటు ఉండే డచ్ ప్రభుత్వ ప్రతినిధులను ఒప్పించాల్సి వచ్చేది. మిత్రపక్షాలను కూడగట్టి నడిపించడాన్ని యుద్ధ నైపుణ్యంలో భాగంగా చూడాలా, విడిగా చూడాలా? ఈ దండయాత్రల మ్యాపులు వివరంగా ఉన్న పుస్తకాలేవైనా తెలిస్తే అవి కూడా చెప్పండి.