ఇటలీలో ఇండియన్ సిమ్‌కి బ్యాంకు ఓటీపీ రావట్లేదు, సాయం చేయండి

ఒక్కదాన్నే ఇటలీ తిరుగుతూ ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉన్నాను. శుక్రవారం మిలాన్ చేరతాను, శనివారం రాత్రి ఫ్లైట్. అక్కడున్న డావిన్చీ పెయింటింగ్ ‘లాస్ట్ సప్పర్’ చూడకుండా వెళ్లడం నా వల్ల కాదు. ముందే బుక్ చేసుకున్నవాళ్లనే లోపలికి పంపుతారు, అదీ 15 నిమిషాలే.

అదృష్టం కొద్దీ శనివారం 9:30 స్లాట్ ఒకటి దొరికింది. కార్డు నంబరు కొట్టగానే ఓటీపీ పేజీ వస్తుంది, మెసేజ్ మాత్రం రాదు. టైమర్ సున్నాకి వచ్చి కార్ట్ ఖాళీ అయిపోతోంది. నిన్న రాత్రి నుంచి నాలుగుసార్లు ఇదే వరస. చాలా టెన్షన్‌గా ఉంది.

ఆండ్రాయిడ్ ఫోన్. డేటాకి ఇక్కడి ఈ-సిమ్, రెండోది హైదరాబాద్‌లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్. దానికి రోమింగ్ ప్యాక్ వేయించాను. అమ్మ ఫోన్ వస్తోంది, అమ్మ పంపిన ఎస్ఎమ్ఎస్ కూడా వచ్చింది. బ్యాంకుదే రాదు. ఈ-సిమ్ ఆపి చూశాను, నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా మార్చాను, రీస్టార్ట్ చేశాను, స్పామ్ ఫోల్డర్ వెతికాను. ఫోరెక్స్ కార్డుతోనూ అంతే. బ్యాంకువాళ్లేమో పంపామంటున్నారు.

ఇటలీలో ఉండగా ఇలాగే ఆగిపోయి, తర్వాత ఓటీపీ తెప్పించుకోగలిగినవాళ్లు ఏ సెట్టింగ్ మార్చారు?