అందరికీ ఒకే రేటు పన్ను వేస్తే అసమానత తగ్గుతుందా? గినీ లెక్క ఎలా వేయాలి?

ప్రశ్న:

రెండు విధానాల్ని పోల్చి చూడాలి. ఒకటి, అందరి ఆదాయం మీదా 20 శాతం పన్ను వేసి, వచ్చిందంతా తలా ఇంత అని సమానంగా పంచడం. రెండోది, అందరికంటే పైనున్నవాళ్ల దగ్గర మాత్రమే వసూలు చేయడం. ఒకే రేటు పన్నుతో అసమానత తగ్గదని చాలాచోట్ల చదివాను. నిజమేనా? ఆదాయాలు 10, 20, 30, 40, 100 అనుకుంటే అసమానతను 0 (అందరికీ సమానం) నుంచి 1 (అంతా ఒక్కరికే) వరకు కొలిచే గినీ గుణకాన్ని చేత్తో లెక్కవేసే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు 1:

పన్ను ఒక్కదాన్నే చూస్తే మీరు చదివింది సరైనదే. పంపకాన్ని కూడా కలిపితే మాత్రం కాదండి.

పద్ధతి ఇది. ఆదాయాల్ని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా పేర్చండి. ఒక్కోదాన్ని దాని వరస సంఖ్యతో గుణించి, అన్నీ కూడండి. మీ అంకెలకు 10 + 40 + 90 + 160 + 500 = 800. దాన్ని రెట్టింపు చేసి, మనుషుల సంఖ్యను మొత్తం ఆదాయంతో గుణిస్తే వచ్చేదానితో భాగించాలి: 1600 ÷ (5 × 200) = 1.6. మనుషుల సంఖ్యకు ఒకటి కలిపి, మళ్లీ మనుషుల సంఖ్యతో భాగిస్తే 6/5. అందులోంచి ఈ 6/5, అంటే 1.2 తీసేస్తే 0.40. అదే మీ గినీ. (ఐదుగురితో వేసే లెక్కలో గరిష్ఠం 1 కాదు, 0.8 అని గుర్తుంచుకోండి. అందుకే దీన్ని దేశాల గినీతో పోల్చకూడదు.)

ఇప్పుడు 20 శాతం పన్ను కోయండి. 8, 16, 24, 32, 80 మిగులుతాయి. గినీ మళ్లీ 0.40. అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గింది కాబట్టి కదలదు. కానీ వసూలైన 40ని తలా 8 చొప్పున పంచితే 16, 24, 32, 40, 88 అవుతాయి, గినీ 0.32కి దిగుతుంది. తగ్గించింది పన్ను కాదు, పంపకం.

రెండో విధానంలో 100 ఉన్నవాడి దగ్గర మాత్రమే 20 తీసుకుని, తలా 4 ఇవ్వండి: 14, 24, 34, 44, 84. గినీ మళ్లీ 0.32! సగం డబ్బుతోనే అదే ఫలితం. మరి ఆ 20నీ కింది ఇద్దరికే చెరో 10 ఇస్తే 20, 30, 30, 40, 80. గినీ 0.26.

ఒక జాగ్రత్త. పంపకం తర్వాత ఎవరి స్థానమైనా మారితే వరసను మళ్లీ పేర్చాలి. పాత వరసతోనే గుణిస్తే వచ్చేది గినీ కాదు. కుటుంబాల లెక్క అయితే కుటుంబ ఆదాయాన్ని సభ్యుల సంఖ్య వర్గమూలంతో భాగించి మొదలుపెట్టండి. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ కూడా అలాగే చేస్తుంది.

అడిగినవారు:

చాలా థాంక్సండి. అయితే కింది ఇద్దరికే ఇవ్వడమే మేలు కదా? 25 లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 అని గీత గీస్తే సరిపోతుందా?

జవాబు 2:

ఆ గీత దగ్గరే అసలు ఇబ్బంది. 24 సంపాదించేవాడి చేతిలో 34 ఉంటుంది. కష్టపడి 26కి చేరితే సాయం ఆగిపోయి 26 మిగులుతుంది. ఆదాయం 2 పెరిగితే చేతికొచ్చేది 8 తగ్గింది. దాంతో జనం పని గంటలు తగ్గించుకుంటారు, లేదా ఆదాయాన్ని తక్కువ చేసి చూపిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, నియమమే అలా రాసుంది.

సాయాన్ని ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించండి. 15 వరకు పూర్తి 10, ఆపైన సంపాదించే ప్రతి ఒకటికి అర చొప్పున కోత పెడితే 35 దగ్గర సాయం సున్నా అవుతుంది. మీ అంకెల్లో ముగ్గురికి 10, 7.5, 2.5 అందుతాయి. ఖర్చు అదే 20. మిగిలే ఆదాయాలు 20, 27.5, 32.5, 40, 80, గినీ 0.265. గీత గీసినప్పటి 0.26తో పోలిస్తే నష్టం అతి స్వల్పం, పైగా 24 దగ్గర చేతికొచ్చేది 29.5 అయితే 26 దగ్గర 30.5.

ఒకే కుటుంబానికి రెండు మూడు పథకాలున్నప్పుడు కోతలన్నీ కూడి చూడాలి. ఒకదానిలో 50 శాతం, ఇంకోదానిలో 30 శాతం, ఆపైన 20 శాతం పన్ను అంటే అదనంగా సంపాదించిందంతా పోయినట్టే. ఏ శాఖకు ఆ శాఖ చూస్తే ఇది కనబడదు.

ఏ కాలపు ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నదీ ముఖ్యమే. పోయినేడాది అంకెలు వాడితే ఈ నెల ఉద్యోగం పోయినవాడు అనర్హుడవుతాడు. ముందు అంచనాతో చెల్లించి తర్వాత సరిచేస్తామంటే, ఖర్చయిపోయిన డబ్బును వెనక్కి కట్టమని పేద కుటుంబాన్ని అడగాల్సి వస్తుంది. తక్కువ ఆదాయ కుటుంబాలకు సాయంగా బ్రిటన్ 2003లో తెచ్చిన ట్యాక్స్ క్రెడిట్లలో జరిగింది ఇదే.

జవాబు 3:

పైవాళ్లు చెప్పినదంతా ఆదాయానికి సంబంధించింది. సంపద అసమానత ఇందులో అసలు కనబడదు. షేర్ల విలువ పెరిగినా అమ్మనంతవరకు చాలా పన్ను చట్టాల ప్రకారం అది ఆదాయం కాదు. వాటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని ఖర్చు చేసేవాడి ఆదాయం కాగితం మీద చిన్నగానే ఉంటుంది.

వెంటనే సంపద పన్ను అంటారు చాలామంది. ఏటా 1 శాతం చిన్నదిగానే వినిపిస్తుంది. కానీ 2 శాతం రాబడి ఇచ్చే ఆస్తి మీద అది రాబడిలో సగం, 10 శాతం ఇచ్చేదాని మీద పదో వంతు. మార్కెట్లో నమోదు కాని కంపెనీ వాటాకు ఏటా విలువ కట్టడం మరో తలనొప్పి. ఓఈసీడీ దేశాల్లో 1990లో 12 చోట్ల ఉన్న ఈ పన్ను 2017 నాటికి నాలుగింటికి తగ్గింది. 2018లో ఫ్రాన్స్ దాన్ని స్థిరాస్తులకే పరిమితం చేసింది. మినహాయింపులు పెరిగే కొద్దీ డబ్బు ఆ మినహాయింపుల్లోకే మళ్లింది.

నా ఉద్దేశంలో ముందు పూడ్చాల్సిన కంత మరణ సమయంలోది. 10కి కొన్న ఆస్తి యజమాని పోయేనాటికి 100 అయిందనుకోండి. అమెరికా చట్టం ప్రకారం వారసుడి కొనుగోలు ధర 100 అనే లెక్క. మర్నాడే అమ్మితే లాభం సున్నా, మధ్యలో పెరిగిన 90 మీద మూలధన లాభ పన్ను ఎవరూ కట్టరు. కెనడాలో 1972 నుంచి మరణాన్నే అమ్మకంగా భావించి ఆ 90ని చివరి రిటర్నులో లెక్కిస్తారు. జీవిత భాగస్వామికి వెళ్లే ఆస్తికి మాత్రం వాయిదా ఉంటుంది. ఏటేటా విలువ కట్టే బాధ లేదు, ఒక్కసారి కడితే చాలు.