ముందు సస్పెన్షన్ పార్టులు మార్చాక స్టీరింగ్ బిగుసుకుపోయింది, కారణం ఏమై ఉంటుంది?

కారుకి ముందువైపు చక్రాన్ని కిందనుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లు, బాల్ జాయింట్లు (చక్రం పక్కకి తిరగనిచ్చే కీళ్ళు), స్ట్రట్ మౌంట్లు (షాక్ అబ్జార్బర్ పైభాగాన్ని బాడీకి పట్టించేవి) బేరింగ్‌లతో సహా మార్పించాను. అప్పటి నుంచి స్టీరింగ్ బాగా గట్టిగా తిరుగుతోంది. మలుపు తిరిగాక దానంతటది మధ్యకి రావట్లేదు, నేనే లాగాలి. హైవే మీద ఇది కాస్త భయంగానే ఉంది.

పవర్ స్టీరింగ్ ఆయిల్ సరిగ్గానే ఉంది. అలైన్‌మెంట్ కూడా చేయించాను, తేడా లేదు. జాకీ మీద లేపి రెండువైపులా స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ ఎండ్‌లు విప్పి చూస్తే స్టీరింగ్ హాయిగా తిరిగింది. అంటే ర్యాక్ (స్టీరింగ్ గేర్ భాగం) తప్పు కాదనుకుంటున్నా. చేత్తో చక్రాలు అటూ ఇటూ మలిపితే కుడివైపుది తేలిగ్గా, ఎడమవైపుది పట్టేసినట్టు కదులుతోంది.

కొత్త బాల్ జాయింట్ ఇంత బిగుతుగా ఉంటుందా? మెకానిక్ మాత్రం నడిపితే అదే వదులవుతుందంటున్నాడు, నాకు నమ్మకం కుదరట్లేదు. లేక స్ట్రట్ బేరింగ్ తిరగేసి బిగించారా? రెండిట్లో ఏదో, మొత్తం విప్పకుండా తేల్చుకునే దారి ఉందా?