సందేహం: కాల్చి శుభ్రం చేసినా జియోలైట్ మళ్లీ పనిచేయడం లేదు. ఎందుకు?

ప్రశ్న – ఎం.టెక్. విద్యార్థిని, అనంతపురం

అందరికీ నమస్కారం. వేరుశనగ పొట్టు నుంచి ఇంధనం తీయడం నా ప్రాజెక్టు. మా జిల్లాలో మిల్లుల పక్కన ఈ పొట్టు గుట్టలుగా కనిపిస్తుంది. ఎక్కువ భాగం బట్టీల్లోనూ బాయిలర్లలోనూ కాలిపోతుంది. దాన్ని గాలి తగలకుండా వేడిచేసి, వచ్చే ఆవిరిని ఉత్ప్రేరకంతో మెరుగుపరిస్తే పెట్రోలులో ఉండే రకం పదార్థాలు వస్తాయన్నది మా ఆలోచన.

నిలువు క్వార్ట్జ్ గొట్టంలో 20 గ్రాముల పొట్టు పొడి, 4 గ్రాముల జెడ్ఎస్ఎం-5 జియోలైట్ (సన్నని రంధ్రాలున్న సిలికా–అల్యూమినా ఉత్ప్రేరకం) కలిపి, నైట్రోజన్ పంపుతూ 500 డిగ్రీల వరకు వేడిచేశాను. సీసా మీద సిలికా–అల్యూమినా నిష్పత్తి 30 అని ఉంది. మొదటిసారి ద్రవం రెండు పొరలుగా వచ్చింది. నీటి మీద పలుచగా తేలిన నూనెలో కిరసనాయిలు లాంటి వాసన ఉంది. చాలా సంతోషించాను. అయితే మొత్తం ద్రవం ఉత్ప్రేరకం లేకుండా వచ్చినదానికంటే తక్కువ.

తర్వాత గొట్టంలో మిగిలినదంతా మఫిల్ ఫర్నేస్‌లో 600 డిగ్రీల వద్ద 4 గంటలు కాల్చాను. నలుపు పోయి బూడిదరంగు పొడి మిగిలింది. దానితో రెండోసారి చేస్తే తేలే నూనె సగమైంది. మూడోసారి అసలు రాలేదు, పొగ వాసన వేసే గోధుమరంగు ద్రవమే వచ్చింది. మా గైడ్ గారు కొత్త ఉత్ప్రేరకం తెప్పిద్దామంటున్నారు. అది ఖరీదు. పైగా కారణం తెలియకుండా మార్చడం నాకు ఇష్టం లేదు. ఇది నిజంగా చచ్చిపోయిందా? ద్రవం ఎందుకు తగ్గింది? దీనికంటే హైడ్రోజన్‌తో శుద్ధి చేయడం మేలా?

జవాబు – రిఫైనరీ విశ్రాంత ఇంజనీరు, విశాఖపట్నం

అమ్మా, కారణం తెలియకుండా మార్చనన్నావు చూడు, ఆ పట్టు వదలకు. బరువైన నూనెను ఉత్ప్రేరకంతో విడగొట్టే క్రాకింగ్ యూనిట్ పక్కన ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఉత్ప్రేరకం మీద నింద వేయడం అందరికీ మొదట తోచే పని.

ముందు ద్రవం తగ్గడం గురించి. అది తప్పు కాదు, తగ్గాలి. ఉత్ప్రేరకం లేకుండా వచ్చే ముడి బయో ఆయిల్‌లో బరువులో 35 నుంచి 40 శాతం ఆక్సిజనే ఉంటుంది. నీరు 15 నుంచి 30 శాతం. పీహెచ్ 2, 3 మధ్య, అంటే ఇనుప పీపాను తినేసేంత పులుపు. కిలోకు 16 నుంచి 19 మెగాజూళ్ల వేడి ఇస్తుంది. డీజిల్ ఇచ్చేది 42కు పైనే. డీజిల్‌తో కలవదు, నిల్వ ఉంచితే చిక్కబడుతుంది, స్వేదనం చేద్దామని కాచితే మూడో వంతుకు పైగా తారులా అడుగున గట్టిపడుతుంది. ఇంత ఆక్సిజన్‌ను తీసేయడానికే జియోలైట్‌ను పెట్టావు. ఆ ఆక్సిజన్ నీరుగానో, కార్బన్ మోనాక్సైడ్‌గానో, కార్బన్ డయాక్సైడ్‌గానో బయటికి పోతుంది, పోతూ కొంత కార్బన్‌నూ హైడ్రోజన్‌నూ వెంట తీసుకుపోతుంది. అందుకే ద్రవం ఎంత వచ్చిందన్నది ఇక్కడ కొలమానం కాదు. ముడి బయో ఆయిల్ నీటికంటే బరువైనది, లీటరు సుమారు 1.2 కిలోలు. నీకు మొదటిసారి నీటి మీద తేలింది అంటే పని జరిగిందనడానికి కంటికి కనిపించే మొదటి సాక్ష్యం అదే.

ఇప్పుడు మూడు సంగతులు చెప్పు. ఒకటి, సీసాలో ఉన్నది అమ్మోనియం రూపమా, నేరుగా ఆమ్లంగా పనిచేసే హైడ్రోజన్ రూపమా? రెండు, ప్రతిసారి కాల్చిన తర్వాత పొడిని తూచావా? మూడు, 600 డిగ్రీలు అన్నది ఫర్నేస్ చూపిన అంకెనా, పొడి మధ్యలో పెట్టిన థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) చూపినదా?

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ధన్యవాదాలు సార్. సీసా మీద అమ్మోనియం రూపం అని ఉంది. మొదటి ప్రయోగానికి ముందే 550 డిగ్రీల వద్ద 5 గంటలు కాల్చి హైడ్రోజన్ రూపంలోకి మార్చాను. పొడిలో థర్మోకపుల్ పెట్టలేదు, అది ఫర్నేస్ అంకె. ఇక బరువు: మొదట 4.0 గ్రాములు, ఒకసారి కాల్చాక 4.8, రెండోసారి కాల్చాక 5.5. కోక్ (ఉత్ప్రేరకం మీద పేరుకునే నల్లటి కార్బన్) పూర్తిగా కాలలేదేమో అనుకున్నాను.

జవాబు – జియోలైట్ల మీద పనిచేసే పరిశోధకురాలు, హైదరాబాద్

కోక్ మిగిలితే పొడి నల్లగా ఉండాలి కదా. మీదేమో బూడిదరంగులోకి వచ్చింది. ఆ పెరిగిన బరువు పొట్టు బూడిదది. మీరు పొట్టునూ ఉత్ప్రేరకాన్నీ కలిపేసి వేడిచేశారు, చివర బొగ్గునూ ఉత్ప్రేరకాన్నీ కలిపే కాల్చారు. బొగ్గు కాలిపోయింది, దానిలోని బూడిద జియోలైట్‌లోనే ఉండిపోయింది. 20 గ్రాములకు 0.8 గ్రాములు అంటే 4 శాతం. పొట్టుకు అది సహజమైన అంకె.

ఈ బూడిదలో పొటాషియం ఉంటుంది. మీ జియోలైట్ పనంతా దాని ఆమ్ల స్థానాల మీద నడుస్తుంది, ఒక్కో అల్యూమినియం పరమాణువు దగ్గర ఒక్కో ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్). పొటాషియం అయాన్ వచ్చి ఆ ప్రోటాన్ చోటులో కూర్చుంటే ఆ స్థానం ఇక పనిచేయదు. కాల్చే వేడిలో ఘన స్థితిలోనే ఈ మార్పిడి జరుగుతుంది. లెక్క వేసి చూడండి. సిలికా–అల్యూమినా నిష్పత్తి 30 అంటే గ్రాముకు దాదాపు 1 మిల్లీమోల్ ఆమ్ల స్థానాలు. మీ 4 గ్రాములకు 4 మిల్లీమోళ్లు. పొట్టులో అర శాతం పొటాషియం ఉందనుకుందాం. 20 గ్రాములకు 100 మిల్లీగ్రాములు, అంటే 2.5 మిల్లీమోళ్లకు పైన. అదంతా జియోలైట్‌లోకి చేరదు, నిజమే. కానీ రెండుసార్లు కాల్చేసరికి 5 మిల్లీమోళ్లు పక్కనే పోగుపడ్డాయి, ఉన్న స్థానాలకంటే ఎక్కువ.

అయితే ఇంకో అనుమానితుడూ ఉన్నాడు. బొగ్గూ కోక్ కాలేటప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అధిక వేడి, ఆవిరి కలిస్తే జియోలైట్ చట్రంలోని అల్యూమినియం ఊడిపోతుంది. ఊడితే తిరిగి రాదు. పొటాషియం మాత్రం కడిగితే పోతుంది. కాబట్టి పరీక్ష ఇలా చేయండి. పొడిలో సగం తీసుకుని మొదట డిస్టిల్డ్ నీటితో బాగా కడగండి. తర్వాత గ్రాముకు 20 మిల్లీలీటర్ల చొప్పున 1 మోలార్ అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలో, 80 డిగ్రీల వద్ద, 3 గంటలు కలియబెట్టండి. వడకట్టి, కడిగి, ఇదే మూడుసార్లు చేయండి. చివరి కడుగు నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు. 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, 550 వద్ద కాల్చండి. పుస్తకాల్లో అమ్మోనియం నైట్రేట్ అని రాసి ఉంటుంది. దాని కొనుగోలుకూ నిల్వకూ మన దేశంలో 2012 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. క్లోరైడ్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. కళాయి పూసేవారు వాడే నవాసాగరం ఇదే, మీరు మాత్రం ప్రయోగశాల రకం కొనండి.

తేలే నూనె తిరిగి వస్తే దోషం పొటాషియానిది. రాకపోతే చట్రం దెబ్బతిన్నట్టు. కొత్త ఉత్ప్రేరకం తెప్పించడానికి ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి, మీ థీసిస్‌లో ఒక అధ్యాయం దీనితోనే తయారవుతుంది.

జవాబు – రిఫైనరీ విశ్రాంత ఇంజనీరు, విశాఖపట్నం

ఆ బరువులు చెప్పగానే నాకూ అదే తోచింది. కాలిన తర్వాత బరువు పెరిగే ఉత్ప్రేరకం ఉండదు.

ఇక మీదట రెండింటినీ కలపవద్దు. గొట్టంలో పైన పొట్టు, మధ్యలో క్వార్ట్జ్ ఊలు, కింద ఉత్ప్రేరకం, నైట్రోజన్ పైనుంచి కిందికి. అప్పుడు ఆవిరి మాత్రమే జియోలైట్‌ను తాకుతుంది, బూడిద పైనే ఆగిపోతుంది. నిష్పత్తి కూడా తిరగబడాలి. 20 గ్రాముల పొట్టుకు 4 గ్రాములు చాలా తక్కువ, ఆవిరిలో ఎక్కువ భాగం ఏ రంధ్రంలోకీ వెళ్లకుండానే దాటిపోతుంది. 3 గ్రాముల పొట్టుకు 6 గ్రాముల ఉత్ప్రేరకంతో మొదలుపెట్టు. ద్రవం తక్కువే వస్తుంది, కానీ ఫలితాన్ని నమ్మవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు ఉత్ప్రేరకాన్ని ఒక్కదాన్నే, గొట్టంలోనే ఉంచి కాల్చు. ముందు నైట్రోజన్‌లో పూర్తిగా ఆవిరులు పోనిచ్చి, తర్వాత గాలిని నైట్రోజన్‌తో పలుచన చేసి, ఆక్సిజన్ 2 శాతం దగ్గర మొదలుపెట్టి, పొడి లోపలి థర్మోకపుల్ 550 దాటకుండా మెల్లగా పెంచాలి. కోక్ అంటుకున్నప్పుడు లోపలి వేడి ఫర్నేస్ అంకెకంటే ఎంతో పైకి పోగలదు. వేడి గొట్టంలోకి ఒక్కసారిగా గాలి వదలవద్దు. బయటికి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. గొట్టం చివర తప్పనిసరిగా ఫ్యూమ్ హుడ్‌లోకి పోవాలి. ఈ విషయంలో రాజీ పడవద్దమ్మా.

కోక్ ఎందుకింత పడుతుందో కూడా తెలుసుకో. 1986లో చెన్, డెగ్నన్, కోనిగ్ అనే శాస్త్రవేత్తలు ఒక సులభమైన లెక్క చెప్పారు. అణువులోని హైడ్రోజన్ సంఖ్య నుంచి ఆక్సిజన్ సంఖ్యకు రెట్టింపు తీసేసి, మిగిలినదాన్ని కార్బన్ సంఖ్యతో భాగించాలి. నైట్రోజన్, గంధకం ఉంటే వాటికీ తగ్గింపు ఉంటుంది. మిథనాల్‌కు ఇది 2 వస్తుంది. అందుకే న్యూజిలాండ్‌లో 1985 నుంచి ఇదే జెడ్ఎస్ఎం-5తో మిథనాల్‌ను పెట్రోలుగా మార్చగలిగారు. నూనె గింజల కొవ్వుకు సుమారు 1.6. సెల్యులోజ్‌కు లెక్క వేస్తే సున్నా. పొట్టు, కలప లాంటివి సున్నాకూ 0.3కూ మధ్య ఉంటాయి. 1 కంటే తక్కువైతే కోక్ ముంచెత్తుతుంది. హైడ్రోజన్‌కు పేదదైన సరుకుతో పనిచేస్తున్నావన్నమాట. గ్లూకోజ్ అంతా పెట్రోలులో ఉండే టోలీన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా, నీరుగా మారిందని కాగితం మీద లెక్క వేసినా టోలీన్‌లోకి చేరే కార్బన్ 63 శాతమే. కలపతో నిజంగా చేసినప్పుడు ఐదో వంతు దగ్గరికి వస్తే గొప్ప ఫలితం.

సలహా – పాలిటెక్నిక్ అధ్యాపకుడు, ఖమ్మం

హైడ్రోజన్ తక్కువైతే హైడ్రోజన్ ఎక్కువున్న పదార్థాన్ని తోడు పెట్టవచ్చు కదా. పాల ప్యాకెట్లు పాలిథీనే. ఆ లెక్కలో దాని విలువ 2. పొట్టుతో కలిపి వేడిచేస్తే జియోలైట్ మీద సుగంధ హైడ్రోకార్బన్లు (టోలీన్ లాంటివి) పెరుగుతాయని చాలా ప్రయోగాల్లో తేలింది.

జవాబు – పరిశోధకురాలు, హైదరాబాద్

మంచి దారే, నేనూ సమర్థిస్తాను. అయితే మొదటి ప్రయోగాలకు ప్యాకెట్లు వద్దు, రంగులూ తెల్ల పిగ్మెంటూ ఉంటాయి; సాదా పాలిథీన్ గుళికలు తీసుకోండి. పీవీసీ ముక్క ఒక్కటి కూడా కలవకూడదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది. ఇంకో మాట: పాలిథీన్ కార్బన్ ముడిచమురుది. వచ్చిన నూనెనంతా పునరుత్పాదక ఇంధనమని రాయకూడదు. పొట్టు ఒక్కటే, పాలిథీన్ ఒక్కటే, రెండూ కలిపి, ఇలా మూడు ప్రయోగాలు చేస్తేనే కలయిక వల్ల ఎంత పెరిగిందో నిజాయితీగా చెప్పగలరు.

హైడ్రోజన్ శుద్ధి గురించి అడిగారు. కోబాల్ట్–మాలిబ్డినం సల్ఫైడ్ ఉత్ప్రేరకాలతో చేస్తారు, కానీ వంద బార్ల స్థాయి పీడనంలో హైడ్రోజన్ కావాలి, రెండు దశల్లో వేడి పెంచాలి, బయో ఆయిల్‌లో గంధకం దాదాపు లేకపోవడం వల్ల సల్ఫైడ్ మెల్లగా పోతుంది, అల్యూమినా ఆధారం నీటికి చెడుతుంది. మన దేశంలో 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం ఎగిరిన జీవ ఇంధనం హైడ్రోజన్ దారిలో తయారైనదే, అయితే దాని ముడిసరుకు జట్రోఫా నూనె, పొట్టు కాదు. కళాశాల ప్రయోగశాలలో ఆ పీడనాలతో ఒంటరిగా మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న అడిగిన విద్యార్థిని – మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. సగం పొడిని మీరు చెప్పినట్టే కడిగి, అమ్మోనియం క్లోరైడ్‌తో మూడుసార్లు చేశాను. పొట్టును పైన, ఉత్ప్రేరకాన్ని కింద పెట్టి, ఒకే నిష్పత్తిలో మూడు పోల్చాను. కడగని పొడితో తేలే నూనె లేదు. కడిగినదానితో వచ్చింది, కొత్త జియోలైట్‌తో వచ్చినదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. ఆ రోజు మా ల్యాబ్‌లో అందరినీ పిలిచి సీసా చూపించాను. మిగిలిన ఒక వంతు ఏమైనట్టు? ఇంకో ఇబ్బంది: బయటికి వచ్చిన ద్రవం, వాయువు, బొగ్గు, కోక్ బరువులన్నీ కూడితే వేసిన పొట్టు బరువులో 88 శాతమే వస్తోంది.

జవాబు – పరిశోధకురాలు, హైదరాబాద్

శభాష్. మిగిలిన వంతులో కొంత కరగని బూడిదది, సిలికా, కాల్షియం లాంటివి కడిగినా పోవు, అంటే మీరు తూచిన గ్రాములో జియోలైట్ గ్రాము లేదు. దాన్ని లెక్కలో సరిచేశాక కూడా తక్కువ వస్తే అది ఊడిన అల్యూమినియం. అమ్మోనియా డిసార్ప్షన్ పరీక్ష చేయించండి, ఆమ్ల స్థానాలు నేరుగా తెలుస్తాయి.

జవాబు – రిఫైనరీ విశ్రాంత ఇంజనీరు, విశాఖపట్నం

ఆ 12 శాతం రెండు చోట్ల దాక్కుని ఉంటుంది. వాయువును నీటి మీద పడుతున్నావా? కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతుంది. ఉప్పు బాగా కరిగించి, కొద్దిగా ఆమ్లం కలిపిన నీరు వాడు. రెండోది, కండెన్సర్ గోడలకూ గొట్టం కింది భాగానికీ అంటిన జిగురు. ప్రయోగానికి ముందు, తర్వాత ఆ భాగాలన్నీ తూచు. 95 శాతం దాటేవరకు పాలిథీన్ జోలికి వెళ్లకు. దాటిన రోజు ఇక్కడ అంకెలు పెట్టు, పాలిథీన్ ఎంత కలపాలో కూర్చుని లెక్క వేద్దాం.