పండగ నెలలో కిరాణా బడ్జెట్ దాటితే తప్పా? మా ఇంట్లో తేలలేదు, మీరు చెప్పండి

సత్యనారాయణపురం కోడలు:
మాది విజయవాడ. ఇంట్లో నలుగురు పెద్దలం, ఇద్దరు పిల్లలు. కూరలు, పాలు కాకుండా కిరాణాకి నెలకి పదివేలు పెట్టుకున్నాను. మొదట ఏడాది పాటు ఆ గీత దాటలేదు. కిందటి డిసెంబరులో 9,800 అయింది. తర్వాత సంక్రాంతి వచ్చింది, జనవరి బిల్లు 16,450కి పోయింది. ఫిబ్రవరిలో పిల్లాడి ఫీజుకి మా ఆయన తమ్ముడి దగ్గర చేయి చాచాల్సి వచ్చింది.

అందుకే ఈసారి ముందే చెప్పాను, పండగ నెల అయినా సరే 12,000 దాటేది లేదని. మా అత్తగారు "పండగ పూట కూడా పిసినారి లెక్కలేనా అమ్మా" అన్నారు. మా ఆయన "ఏడాదికోసారి వచ్చే పండగకి బడ్జెట్ ఏంటి, పండగ ఖర్చు వేరే, నెల ఖర్చు వేరే" అంటారు. ఏ జేబులోంచి తీసినా డబ్బు ఒకటే కదా అంటాను నేను. ఎవరిది కరెక్టు?

గుంటూరు పిన్ని:
నాకు అరవై రెండేళ్ళు. మీ అత్తగారి పక్షమే అనుకోండి.

అమ్మాయీ, సంక్రాంతికి ఇంటి ముందు హరిదాసు నిలబడితే దోసెడు బియ్యం పోయాలి. గంగిరెద్దులవాడు వస్తాడు. ఆడపిల్ల పుట్టింటికి వస్తే పోయేటప్పుడు డబ్బా నింపి పంపాలి. పక్కింటివాళ్ళు పళ్ళెంలో నాలుగు అరిసెలు పంపితే ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి ఇవ్వం కదా. ఇవన్నీ పదివేల గీతలో ఎలా ఇరికిస్తావు? మా అమ్మ పేదరికంలోనే పండగ చేసింది, కానీ చేసింది. రెండు నెలల ముందు నుంచి మినుములో శేరు, బెల్లంలో అచ్చు పక్కన పెట్టేది. కనుమ నాడు మినుము తినాలన్న మాట ఎప్పుడూ తప్పలేదు.

సింగ్‌నగర్ ఆటో అన్న:
పిన్నిగారూ, మీ మాట కాదనను. కానీ మీ అమ్మగారు చేసిందే బడ్జెట్. రెండు నెలల ముందు నుంచి పక్కన పెట్టారని మీరే అన్నారు.

నేను కోడలమ్మ పక్షం. నాకు బోనస్ లేదు. పండగకి ఆటో తిప్పకపోతే ఆ మూడు రోజులు సంపాదన సున్నా, ఖర్చు మాత్రం రెట్టింపు. మొన్నటిదాకా నేనూ "పండగ వేరే" అనేవాణ్ణే. మా వీధి కొట్టులో ఖాతా రాయించుకునేవాణ్ణి, మార్చి వచ్చినా ఆ బాకీ తీరేది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. నీళ్ళు దిగేసరికి బియ్యం డబ్బా దగ్గర్నుంచి స్టవ్ దాకా ఏదీ మిగల్లేదు. ఆ వారమే వినాయక చవితి. సర్కారోళ్ళు పంచిన బియ్యం, కందిపప్పుతో వండుకున్నాం. నాలుగు ఆకులు, గుప్పెడు మట్టి తెచ్చి మా పాప బొమ్మ చేసింది. పండగ ఆగలేదు. ఖర్చు పెడితేనే పండగ అన్న మాట మీద ఆ రోజే నాకు నమ్మకం పోయింది.

వన్‌టౌన్ పాత కొట్టు:
ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపి మానేసిన మనిషిని. తప్పా ఒప్పా సంగతి తర్వాత. ముందు ఆ జనవరి బిల్లు ఇక్కడ పెట్టండి అమ్మా. పదహారు వేలంటే అరిసెల మీదే పోయిందని నేననుకోను.

సత్యనారాయణపురం కోడలు:
తీశాను బాబాయ్‌గారూ. పిండివంటల కోసమని మామూలు కంటే ఎక్కువ తెచ్చినవి ఇవీ: నూనె 5 లీటర్లు 775, నెయ్యి కిలోన్నర 1,020, బెల్లం 5 కిలోలు 350, మినుములు 3 కిలోలు 360, నువ్వులు కిలో 220, జీడిపప్పు, బాదం కలిపి 700.

వన్‌టౌన్ పాత కొట్టు:
3,425 అయింది. డిసెంబరు కంటే మీకు ఎక్కువైంది 6,650. మిగతా 3,225 ఎక్కడికి పోయింది?

సత్యనారాయణపురం కోడలు:
చెప్పడానికి సిగ్గుగా ఉంది. చాక్లెట్ డబ్బాలు రెండు 640. కూల్‌డ్రింకులు 460. సబ్బుపొడి నాలుగు కిలోల సంచి 545. ఒంటి సబ్బుల కట్ట 390. మిగతాది బిస్కెట్లు, నూడుల్స్, సాసు, షాంపూ.

అసలు సంగతి ఏంటంటే, ఆ సూపర్‌మార్కెట్లో 5,000 దాటితే స్టీలు డబ్బా ఫ్రీ అన్నారు. నా బిల్లు 4,300 దగ్గర ఆగింది. కౌంటర్ అమ్మాయి "ఇంకో ఏడు వందలే మేడం" అంది. ట్రాలీ బండి వెనక్కి తిప్పాను. నూడుల్స్, సాసు అప్పుడు వేసినవే. మా ఇంట్లో సాసు ఎవరూ తినరు.

బ్రాడీపేట బ్యాచిలర్:
అక్కా, ఆ డబ్బా ఖరీదెంత?

సత్యనారాయణపురం కోడలు:
బయట రెండు వందలుంటుందేమో తమ్ముడూ. అడక్కు.

సింగ్‌నగర్ ఆటో అన్న:
చూశారా పిన్నిగారూ! హరిదాసు గిన్నెలో పోసిన బియ్యం ఈ బిల్లులో ఎంత? పది రూపాయలు కూడా ఉండదు. జేబులు ఖాళీ చేసేది పండగ కాదు, పండగ పేరు చెప్పి బండిలో పడేవి.

గుంటూరు పిన్ని:
అది మాత్రం ఒప్పుకుంటాను నాయనా. సాసుకీ సంక్రాంతికీ చుట్టరికం ఏంటి?

పటమట లెక్కలు:
నాది వేరే మాట. ఉద్యోగం అకౌంట్స్, కాబట్టి విసుగనిపిస్తే క్షమించండి. జనవరి ఒక్క నెలే చూసి తిట్టుకోవడం సరికాదు. నాలుగు కిలోల సబ్బుపొడి జనవరిలోనే అయిపోదు కదా. కోడలుగారూ, కిందటి ఫిబ్రవరి బిల్లు ఎంత?

సత్యనారాయణపురం కోడలు:
8,900. మీరడిగేదాకా నేనూ చూసుకోలేదు.

పటమట లెక్కలు:
అదీ సంగతి. డిసెంబరు కంటే 900 తగ్గింది. అంటే జనవరిలో పోయిందనుకున్న దాంట్లో 900 పోలేదు, ముందే కొన్నారంతే. నిజంగా పెరిగింది 5,750. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకి 479 చిల్లర. నెలకి 500 పక్కన పెడితే మీ ఆయన మాట, మీ మాట రెండూ నెగ్గుతాయి. నా ఓటు "పండగ ఖర్చు వేరే"కే, కానీ ఆ వేరే అన్నది ఫిబ్రవరి నుంచే మొదలవ్వాలి. సంక్రాంతి జనవరిలో వస్తుందని మనకి ఏడాది ముందే తెలుసు. తెలిసిన ఖర్చుకి ఆశ్చర్యపోవడమే నాకు ఆశ్చర్యం.

సింగ్‌నగర్ ఆటో అన్న:
నెలకి 500 పక్కన పెడితే ఉంటుందా సార్? నాకైతే ఉండదు. టైరు పేలుతుంది, లేదా పాపకి జ్వరం వస్తుంది. అందుకే మావాళ్ళు పండగ చీటీలు కట్టేది. నెలకి మూడు వందల చొప్పున ఏడాది కడితే సంక్రాంతికి నూనె డబ్బా, పప్పులు, బెల్లం, నెయ్యి ఇస్తారు.

పటమట లెక్కలు:
3,600 కట్టించుకుని ఇచ్చే సరుకు విలువ ఎప్పుడైనా లెక్క వేశారా?

సింగ్‌నగర్ ఆటో అన్న:
వేశాను సార్. కొట్టు రేటుకి మూడు వేలు దాటదు. పైగా రెండేళ్ళ కింద మా వీధిలో చీటీ కట్టించుకున్న మనిషి డిసెంబరులో తాళం వేసుకుని పోయాడు. మా ఇంటివి రెండు చీటీలు అందులోనే ఉన్నాయి. అయినా ఇప్పటికీ కడుతున్నాం, వేరే మనిషి దగ్గర. మీకు నవ్వొస్తుందేమో. ఇంట్లో ఉన్న డబ్బు నన్ను అడక్కుండానే ఖర్చయిపోతుంది. చీటీవాడు మాత్రం నెల తిరిగేసరికి గుమ్మంలో ఉంటాడు.

గుంటూరు పిన్ని:
నవ్వెందుకొస్తుంది నాయనా. కానీ పోపుల డబ్బాలో దాచినా ఆ ఆరు వందలు నీకే మిగిలేవి.

వన్‌టౌన్ పాత కొట్టు:
చీటీల సంగతి నాకు వదిలేయండి, నేనూ ఓ నాలుగేళ్ళు నడిపినవాణ్ణే. నడిపేవాడికి గిట్టుబాటే.

ధరల మాట చెప్తాను. పండగకి అన్నీ పెరుగుతాయని అంటారు, అన్నీ పెరగవు. నూనె చూడండి. 2024లో దసరా ముందర, సెప్టెంబరు 14 నుంచి, కేంద్రం ముడి నూనెల మీద మూల దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతం చేసింది. రిఫైన్డ్ మీద 12.5 నుంచి 32.5. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే రావాలి కాబట్టి ఆ దెబ్బ నేరుగా బాణలిలోకే. కోడలుగారి 2025 జనవరి బిల్లులో లీటరు 155 పడింది ఆ రోజుల్లోనే. తర్వాత 2025 మే చివర్లో ముడి నూనెలకి దాన్ని 10 శాతానికి దించారు. నెయ్యి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5కి వచ్చింది, బాదం మీద కూడా అంతే. కాబట్టి ఈసారి నెయ్యి కొనేటప్పుడు ప్యాకెట్ మీద పాత ధరా, కొత్త ధరా చూసుకోండి.

ఇంకో మోసం, చట్టం ప్రకారం అది మోసం కాదనుకోండి, నూనె ప్యాకెట్ బరువు. లీటరు నూనె 910 గ్రాములు. దాని పక్కనే అదే సైజులో, అదే రంగులో 850 గ్రాముల ప్యాకెట్ పెడతారు. లీటరు 150, ఇది 145 అనుకోండి. ఐదు రూపాయలు తక్కువని చెయ్యి దానిమీదికే పోతుంది. లెక్క కడితే లీటరుకి 155 పడుతుంది. ఎమ్మార్పీ పక్కన గ్రాముకి ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని అది చదవండి.

బ్రాడీపేట బ్యాచిలర్:
ఇంత గొడవెందుకు, పిండివంటలు కొనేస్తే పోలా? రెండు కిలోలు అరిసెలు, కిలో జంతికలు. స్వగృహ కొట్టుకి వెళ్తే పది నిమిషాల పని.

గుంటూరు పిన్ని:
మా వీధిలో కిందటేడు అరిసెలు కిలో 450. ఇంట్లో చేస్తే ఎంతో చెప్పనా? రెండు కిలోల బియ్యం వంద, కిలోన్నర బెల్లం 105, నువ్వులు వంద గ్రాములు 22, నెయ్యి కొంచెం 68, మరాడించడానికి 40, పీల్చే నూనె లీటరు అనుకో 155. మొత్తం 490. నాలుగు కిలోల దాకా వస్తాయి. కిలోకి నూట పాతిక లోపే. గ్యాసు కలిపినా కొట్టు ధరలో మూడో వంతు.

బ్రాడీపేట బ్యాచిలర్:
కూలి కలపలేదు పిన్నీ.

గుంటూరు పిన్ని:
నిజమే, కలపలేదు. ఎవరూ ఎప్పుడూ కలపలేదు. ముందురోజు బియ్యం నానబెట్టాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. తడి ఆరకముందే మరాడించి, జల్లించి, పిండి గాలికి ఆరకుండా అదిమి పెట్టాలి. పాకం దగ్గర ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే వేలికి మెత్తటి ఉండ కట్టాలి. ముదిరితే అరిసె రాయి, లేతగా దించితే నూనెలో విచ్చిపోతుంది. మొన్న మొన్నటిదాకా ఇవన్నీ నలుగురు తోడికోడళ్ళం కలిసి చేసేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే, నా నడుమొకటి.

సత్యనారాయణపురం కోడలు:
పిన్నిగారూ, మా ఇంట్లో అసలు గొడవ అదే. నేను ఉద్యోగానికి పోయే మనిషిని. ఇంట్లో చేస్తే డబ్బు మిగులుతుంది, కొంటే నేను మిగులుతాను. పన్నెండు వేల గీత గీసినప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు. గీత లోపల ఉండాలంటే అన్నీ నేనే చెయ్యాలి.

పటమట లెక్కలు:
ఇందాక నా లెక్కలోనూ అది లేదు. వెనక్కి తీసుకోను గానీ, తక్కువ చెప్పానని ఒప్పుకుంటాను.

సింగ్‌నగర్ ఆటో అన్న:
మీ ఆయన్ని పాకం తిప్పమనండి అమ్మా. "పండగ వేరే" అన్నది ఆయనే కదా.

సత్యనారాయణపురం కోడలు (కనుమ మర్నాడు):
చెప్పి వెళ్దామని వచ్చాను. బిల్లు 12,900. గీత దాటింది, మా అత్తగారు నా ముఖం చూసి నవ్వారు. అరిసెలు ఒక్కటే ఇంట్లో చేశాం. జంతికలు, సున్నుండలు రెండిళ్ళ అవతల ఉన్న ఆవిడ దగ్గర చేయించాం, సామాను మాది, కూలి కిలోకి ఇంతని. పాకం మా ఆయనే తిప్పారు, మొదటి వాయి రాయి అయింది, రెండోది కుదిరింది. సూపర్‌మార్కెట్‌కి ఆయన్ని పంపలేదు, నేనూ పోలేదు. సరుకుల చీటీ రాసి మా వీధి కొట్టుకి పిల్లాణ్ణి పంపాను. ఈ ఫిబ్రవరి నుంచి 500 తీస్తానన్నారు మా ఆయన. తీసినప్పుడు చూద్దాం.

కిందటేడు వచ్చిన ఆ ఫ్రీ డబ్బాలో జంతికలు పోశాను. మూత సరిగ్గా పట్టడం లేదు.

వన్‌టౌన్ పాత కొట్టు:
జంతికలు తీసేయండమ్మా, రేపటికి మెత్తబడతాయి. అందులో అరిసెలు పెట్టండి, వాటికి ఫరవాలేదు.