‘మీకు’ అంటే ఎవరికి? లామార్తీన్ పాదం ఒకటి

నిన్న మన గుంపులో ఒకరు సంతాపం తెలుపుతూ “నీకు ఒక్కరు దూరమైతే లోకమంతా శూన్యం” అని పెట్టి, ఫ్రెంచి కవి లామార్తీన్ మాట అన్నారు. మాట ఆయనదే. కానీ ‘శూన్యం’ దగ్గరా, ‘నీకు’ దగ్గరా నాకు పేచీ ఉంది.

మూలం ఇది: “అఁ సెల్ ఎత్ర్ వు మాంక్, ఎ తు తె దెపెప్లె”. పన్నెండు అక్షరాల పాదం, ఆరు దగ్గర విరుపు. చివరి మాటలో ‘పెప్ల్’ ఉంది చూడండి, అంటే జనం. ముందు ‘దె’ చేరితే జనం లేకుండా పోవడం. మన ‘నిర్జనం’ అచ్చం అలాగే కట్టిన మాట. చేతిలో అది ఉండగా శూన్యం దాకా ఎందుకు పోవాలి?

ఇక ‘వు’. మీకు అని అర్థం. పాదాన్ని విడిగా చదివితే పాఠకుడితో అన్నట్టే ఉంటుంది. దాని పైపాదం చదవండి: “నదులారా, బండలారా, అడవులారా, నాకెంతో ఇష్టమైన ఏకాంతాలారా”. ఆ ‘మీకు’ వాటికి! అసలే మనిషి అలికిడి లేని చోట్లు అవి. వాటినే పట్టుకుని, ఒక్క ప్రాణం కరువైంది, అంతా నిర్జనమైపోయింది అంటున్నాడు. ఎవరూ లేని అడవి ఖాళీ అయిందనడంలోనే ఉంది దెబ్బంతా. సూక్తిగా విడదీసి పంచుకునేసరికి అదే పోయింది.

ఆ ఒక్క ప్రాణం జూలీ షార్ల్. 1816లో ఎక్స్-లె-బాఁ ఊళ్లో, బుర్జె సరస్సు దగ్గర పరిచయం. ఆమె భర్త ఎవరనుకున్నారు? ఇంటర్‌లో వాయువుల పాఠంలో మనం బట్టీపట్టిన చార్లెస్ నియమం తాలూకు చార్లెసే. మరుసటి వేసవిలో సరస్సు దగ్గర మళ్లీ కలుద్దామనుకున్నారు, జబ్బు వల్ల ఆమె రాలేకపోయింది. 1817 డిసెంబరులో క్షయతో పోయింది. 1818లో ఈ పద్యం రాశాడు. 1820లో వచ్చిన ఆయన మొదటి సంపుటిలో మొదటి పద్యం ఇదే, పేరు ‘ఏకాంతం’. పేరు చెప్పలేదు, ఆడమనిషి అని కూడా అనలేదు, ‘ఎత్ర్’ అన్నాడంతే. ఉన్న ప్రాణి.

తర్వాత ఆయన రాజకీయాల్లోకి వచ్చాడు. అక్కడా ‘పెప్ల్’ వదల్లేదు. 1848 ఫిబ్రవరి విప్లవంలో, పారిస్ నగర భవనం ముందు జనం ఎర్రజెండా కోసం పట్టుబడితే ఎదురు నిలబడి మాట్లాడాడు: ఎర్రజెండా పారిస్‌లోని షాఁ ద మార్స్ మైదానం చుట్టూ జనం నెత్తుట్లో ఈడ్చుకుంటూ తిరిగింది, మూడు రంగుల జెండా ప్రపంచమంతా తిరిగివచ్చింది, అని. మూడు రంగుల జెండానే నిలిచింది. ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్న తాత్కాలిక ప్రభుత్వమే ఏప్రిల్‌లో ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దు చేసింది. డిసెంబరులో అధ్యక్ష ఎన్నికలకు నిలబడితే ఒక్క శాతం ఓట్లు కూడా పడలేదు. లూయీ నెపోలియన్‌కు 50 లక్షలు దాటాయి. ఆ పైన అప్పులు తీర్చడానికి 1869లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు.

ఒక సభ్యురాలి ప్రశ్న: ‘బోసిపోయింది’ అనకూడదా? మా అమ్మ పోయిన వారానికి నాన్న వరండాలో కూర్చుని “ఇల్లు బోసిపోయిందే” అన్నారు. నిర్జనం అని ఎవరంటారండీ?

నా జవాబు: ఎవరూ అనరు, నిజమే. బోసినోరు, బోసి మెడ... ఉండాల్సిన చోట ఉండాల్సింది లేకపోతే బోసి. మీ నాన్నగారి మాటకు సాటి లేదు. ఇంటి గురించైతే నేనూ అదే వాడతాను. ఈయన మాట్లాడేది కొండతో, నదితో. నదికి బోసి అంటే నాకెందుకో నగలు తీసేసినట్టు వినిపిస్తుంది.

ఇంకొకరు: మరి ‘మాంక్’కి ‘మిస్ అవడం’ సరిపోతుందా?

జవాబు: వద్దండీ. ఫ్రెంచిలో “నువ్వు నాకు కరువయ్యావు” అన్నట్టుగా ఉంటుంది వాక్యం, లేని మనిషే కర్త. మన ‘కు’తో అది చక్కగా కుదురుతుంది. నా ప్రయత్నం ఇదీ: “మీకు ఒక్క ప్రాణం కరువై, అంతా నిర్జనమాయె”. ఆరూ ఆరూ కుదరలేదు. ‘ఆయె’ బదులు ఎవరికైనా ఇంకోటి తడితే కింద రాయండి.