సందేహం అడిగితే విశ్వాసం తగ్గినట్టేనా?

అందరికీ వందనాలు. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. ఆరాధన క్రమం చూసి చదవడం, ప్రసంగం వింటూ నోట్సు రాసుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. పెళ్లయ్యాక మా ఆయనతో పెంతెకొస్తు సంఘానికి వెళ్తున్నాను. అక్కడ పాటలు, చప్పట్లు, కన్నీళ్లు 2 గంటలు. వాక్యబోధ 20 నిమిషాలు. సందేహం అడిగితే విశ్వాసం తక్కువంటారు. అయినా మా అమ్మ పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ సంఘంలోని అక్కలు నన్ను పట్టుకుని ఏడుస్తూ చేసిన ప్రార్థనే. నా నోట్సు పుస్తకాలను ఆ వారమంతా ముట్టుకోలేదు.

ఆత్మతోనూ మనస్సుతోనూ ప్రార్థిస్తానని పౌలు కొరింథు సంఘానికి రాశాడు కదా (1 కొరింథీయులకు 14:15). ఇలాంటి సంఘంలో ఉంటూనే బైబిలు అధ్యయన కూటం మొదలుపెట్టినవారు ఎవరైనా ఉన్నారా? పాస్టరుగారిని ఎలా అడిగారు? మా అత్తగారికి ఇది తిరుగుబాటులా కనిపిస్తుందేమోనని నా భయం.